ఓజే టూల్ ఇంకా వాడొచ్చా? ఆట్‌కోడర్, కోడ్‌ఫోర్సెస్ శాంపిల్స్‌ని టెర్మినల్‌లోనే టెస్ట్ చేసుకోవడం

గట్టుమీద_కోడర్
అందరికీ నమస్కారం. ఉబుంటు 24.04, విండోస్ మీద డబ్ల్యుఎస్ఎల్2 (విండోస్‌లోనే లినక్స్ నడిపేది). ఆట్‌కోడర్, కోడ్‌ఫోర్సెస్ లాంటి కోడింగ్ పోటీల సైట్ల నుంచి శాంపిల్స్ (ప్రాబ్లమ్‌తో పాటు ఇచ్చే నమూనా ఇన్‌పుట్, ఆన్సర్) దింపి మన కోడ్‌ని టెస్ట్ చేసే ఆన్‌లైన్-జడ్జ్-టూల్స్ (కింద ఓజే అనే రాస్తాను) పెట్టుకోవాలని చూస్తే మూడు చోట్ల ఆగింది.

1. `పిప్ ఇన్‌స్టాల్` కొడితే "ఎక్స్‌టర్నల్లీ-మేనేజ్డ్-ఎన్విరాన్‌మెంట్" అని ఎర్రర్.
2. వెన్వ్‌లో (పైథాన్ ప్యాకేజీలకి విడిగా చేసుకునే గూడు) ఇన్‌స్టాల్ అయింది కానీ ఏ కమాండ్ ఇచ్చినా "నో మాడ్యూల్ నేమ్డ్ డిస్ట్‌యుటిల్స్".
3. `ఓజే లాగిన్` పాస్‌వర్డ్ అడిగి, ఇచ్చాక ఫెయిల్ అంటోంది. పాస్‌వర్డ్ కరెక్టే, బ్రౌజర్‌లో పని చేస్తోంది.

శనివారం ఏబీసీకి (ఆట్‌కోడర్ బిగినర్ కాంటెస్ట్) రెడీ చేసుకోవాలి. అసలు ఈ టూల్ ఇంకా పట్టుకుని వేలాడాలా, వేరేది చూసుకోవాలా?

టెర్మినల్_తాత
వరసగా చెప్తాను.

మొదటిది ఓజే తప్పు కాదు. కొత్త ఉబుంటు, డెబియన్ సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌ని రానివ్వవు. `ఆప్ట్`తో పిప్ఎక్స్ (ఒక్కో పైథాన్ టూల్‌ని దాని సొంత గూట్లో పెట్టేది) పెట్టుకుని `పిప్ఎక్స్ ఇన్‌స్టాల్ ఆన్‌లైన్-జడ్జ్-టూల్స్` కొట్టండి. తర్వాత `పిప్ఎక్స్ ఎన్ష్యూర్‌పాత్` ఒకసారి ఇచ్చి టెర్మినల్ మూసి తెరవండి. మూసి తెరవకపోతే "కమాండ్ నాట్ ఫౌండ్" వస్తుంది, సగం మంది అక్కడే ఆగిపోతారు. బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ ఆప్షన్ వాడమని యూట్యూబ్‌లో ఎవరో చెప్తారు, వినకండి.

రెండోది: పైథాన్ 3.12 నుంచి డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూల్ తీసేశారు. ఉబుంటు 24.04లో వచ్చేది 3.12. ఓజే పాత వెర్షన్ దాన్ని ఇంపోర్ట్ చేస్తుంది. సెటప్‌టూల్స్ ప్యాకేజీ పెడితే దాని వెంట డిస్ట్‌యుటిల్స్ నకలు వస్తుంది. పిప్ఎక్స్ వాడితే మామూలు పిప్‌తో పెట్టినది దానికి కనబడదు, ఓజే ఉన్న గూట్లోకే తోయాలి: `పిప్ఎక్స్ ఇంజెక్ట్ ఆన్‌లైన్-జడ్జ్-టూల్స్ సెటప్‌టూల్స్`.

మూడోది మీ వల్లా కాదు, నా వల్లా కాదు. 2025లో ఆట్‌కోడర్ లాగిన్ పేజీకి క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల "మనిషేనా" పరీక్ష పెట్టింది. టెర్మినల్ నుంచి వెళ్లే రిక్వెస్ట్ ఆ పరీక్ష దాటదు. దారి ఏంటంటే, బ్రౌజర్‌లో లాగిన్ అయ్యి కుకీ (లాగిన్ అయ్యారని సైట్ బ్రౌజర్‌లో దాచే గుర్తు) తెచ్చుకోవడం. ఎఫ్12, అప్లికేషన్ ట్యాబ్, కుకీస్, ఆట్‌కోడర్ డొమైన్, అందులో రెవెల్_సెషన్ అని ఉంటుంది. దాని విలువ కాపీ చేసి ఏసీలాగిన్ అనే చిన్న పైథాన్ టూల్‌కి ఇస్తే అదే ఓజే కుకీ ఫైల్లో రాసి పెడుతుంది. అయ్యిందో లేదో `ఓజే లాగిన్ --చెక్` పక్కన సైట్ అడ్రస్ ఇచ్చి చూసుకోండి.

ఆ కుకీ అంటే పాస్‌వర్డే. డాట్‌ఫైల్స్ (సొంత సెట్టింగ్స్ ఫైళ్ల) రెపో గిట్‌హబ్‌లోకి తోసే అలవాటు ఉన్నవాళ్లు హోమ్‌లో `.లోకల్/షేర్/ఆన్‌లైన్-జడ్జ్-టూల్స్` ఫోల్డర్‌ని అందులోంచి తప్పించండి.

సబ్మిట్ మాత్రం బ్రౌజర్‌లోనే చేయండి. ఆ పది సెకన్ల కోసం టూల్‌తో కుస్తీ పట్టడం దండగ.

సెమికోలన్_సీత
ఇంత తతంగం ఎందుకండీ. వీఎస్ కోడ్‌లో సీపీహెచ్ ఎక్స్‌టెన్షన్, బ్రౌజర్‌లో కాంపిటిటివ్ కంపానియన్. ఆకుపచ్చ ప్లస్ నొక్కితే శాంపిల్స్ వచ్చేస్తాయి. కుకీ లేదు, లాగిన్ లేదు. కోడ్‌షెఫ్ కూడా పని చేస్తుంది.

టెర్మినల్_తాత
శాంపిల్స్ తెచ్చుకోవడం వరకూ మీరన్నది నూటికి నూరుపాళ్లూ కరెక్ట్. బ్రౌజర్‌లో మీ కళ్లముందు తెరిచి ఉన్న పేజీనే అది చదువుతుంది కాబట్టి సైట్ ఏ అడ్డు పెట్టినా దానికి పట్టదు. కానీ ఓజేలో అసలు సరుకు డౌన్‌లోడ్ కాదు, టెస్ట్ (శాంపిల్స్ మీద కోడ్ నడిపి చూడటం), జనరేట్ (సొంత టెస్టులు తయారుచేయడం). ఆ రెండూ మీ మెషీన్‌లోనే నడుస్తాయి, ఏ సైటూ వాటిని ఆపలేదు.

ఓ_ఎన్_స్క్వేర్
రెండూ కలిపి వాడొచ్చు. కంపానియన్ చేసే పని ఒక్కటే: పేజీలోంచి ప్రాబ్లమ్ వివరాలు తీసి జేసన్‌గా లోకల్‌హోస్ట్‌లో (అంటే మీ మెషీన్‌లోనే) కొన్ని పోర్టులకి పోస్ట్ చేస్తుంది. సీపీహెచ్ వినేది 27121. సీపీ ఎడిటర్ 10045. 10043 కూడా ఆ లిస్టులో ఉంది. మీ సొంత పోర్ట్ కావాలంటే ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్స్‌లో కలుపుకోవచ్చు.

పైథాన్‌లో హెచ్‌టీటీపీ.సర్వర్ మాడ్యూల్‌తో ఇరవై లైన్లు చాలు. పోస్ట్ వచ్చినప్పుడు కంటెంట్-లెంగ్త్ చదివి, అన్ని బైట్లూ లాగి, జేసన్ లోడ్ చేయండి. లోపల `టెస్ట్స్` అనే లిస్ట్, ఒక్కోదానిలో `ఇన్‌పుట్`, `అవుట్‌పుట్`. వాటిని `టెస్ట్/శాంపిల్-1.ఇన్`, `టెస్ట్/శాంపిల్-1.అవుట్` అని రాస్తే ఓజే టెస్ట్ వాటిని తను దింపినవాటిలాగే తీసుకుంటుంది. `టైమ్‌లిమిట్` మిల్లీసెకన్లలో, `మెమరీలిమిట్` మెగాబైట్లలో వస్తాయి. మొత్తం కాంటెస్ట్ పేజీ మీద నొక్కితే ప్రాబ్లమ్‌కి ఒకటి చొప్పున విడివిడి పోస్టులు వస్తాయి. ఎన్ని రావాలో `బ్యాచ్` లోపలి `సైజ్` చెప్తుంది, అన్ని వచ్చేదాకా సర్వర్ ఆపకూడదు.

తప్పు జరిగేది ఎక్కడంటే, ఆ పోర్ట్‌లో ఎవరూ వినకపోతే ఎక్స్‌టెన్షన్ నోరెత్తదు. "నొక్కాను, ఏం రాలేదు" అంటే ముందు సర్వర్ నడుస్తోందా చూడండి. వీఎస్ కోడ్ తెరిచి ఉండి సీపీహెచ్ 27121 పట్టుకుని కూర్చుంటే మీ స్క్రిప్ట్‌కి "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" వస్తుంది. అందుకే 10043 తీసుకోండి.

గట్టుమీద_కోడర్
తాతగారూ, పిప్ఎక్స్, ఇంజెక్ట్ రెండూ పని చేశాయి. కుకీ చెక్ కూడా ఓకే అంది. ఇప్పుడు కొత్త తలనొప్పి. అవుట్‌పుట్ చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంది, ఓజే డబ్ల్యుఏ (రాంగ్ ఆన్సర్) అంటోంది. ఆన్సర్ `1 2 3`. నాదీ `1 2 3`. ఏంటి తేడా?

సెగ్‌ఫాల్ట్_సుబ్బు
చివర స్పేస్ ఉండుంటుంది బ్రో. లూప్‌లో ప్రతి నంబర్ తర్వాత స్పేస్ ప్రింట్ చేస్తున్నావు కదా.

టెర్మినల్_తాత
సుబ్బు చెప్పిందే. ఓజే మామూలుగా లైన్ ఎండింగ్ తేడాని మాత్రమే వదిలేస్తుంది, అంటే విండోస్, లినక్స్ ఎంటర్ తేడా. మిగతాదంతా అక్షరం అక్షరం పోలుస్తుంది. ఆట్‌కోడర్, కోడ్‌ఫోర్సెస్ చివర స్పేస్‌ని పట్టించుకోవు. డబ్ల్యుఏ కింద చిన్న అక్షరాల్లో "స్పేసులు వదిలేస్తే ఇది ఏసీ (యాక్సెప్టెడ్)" అన్న అర్థంలో ఓ హింట్ వస్తుంది, ఎవరూ చదవరు. `-ఎస్` (పెద్ద ఎస్) పెడితే స్పేసులు వదిలేస్తుంది. `-ఎన్` (ఇదీ పెద్దదే) పెడితే కొత్త లైన్లు కూడా.

`-ఎన్`ని అలవాటుగా పెట్టుకోకండి. లైన్‌కి ఒకటి ప్రింట్ చేయాల్సింది అన్నీ ఒకే లైన్లో చేసినా ఓకే అనేస్తుంది.

దశాంశాల ప్రాబ్లమ్ అయితే `-ఈ 1ఈ-6`. ప్రాబ్లమ్‌లో ఎంత తేడా ఒప్పుకుంటారో అదే ఇవ్వండి, అబ్సల్యూట్, రిలేటివ్ రెండింటిలో ఏదో ఒకటి సరిపోతే చాలంటుంది. ఇది ఇవ్వకపోతే 0.5కీ 0.500000కీ పడదు. ఇచ్చినా ఇంకో గుంట ఉంది: సీ++లో సీఅవుట్ మామూలుగా ఆరు అంకెలే చూపిస్తుంది. 1234567.891 ప్రింట్ చేస్తే 1.23457ఈ+06 వస్తుంది. `సెట్‌ప్రెసిషన్`, `ఫిక్స్‌డ్` పైన ఒకసారి రాసి పెట్టేసుకోండి.

నిశాచరి
"ఏదైనా ఒక జవాబు ప్రింట్ చేయండి" టైపు వాటికి ఏం చేస్తారు? కోడ్‌ఫోర్సెస్‌లో అలాంటివి చాలా ఉంటాయి. శాంపిల్‌లో ఒకటి, నాది ఇంకోటి, రెండూ కరెక్టే.

ఓ_ఎన్_స్క్వేర్
`--జడ్జ్-కమాండ్`. దానికి ఒక చెకర్ (జవాబు సరైనదో కాదో చూసే చిన్న ప్రోగ్రామ్) ఇవ్వాలి. ఓజే దాన్ని మూడు ఫైళ్లతో పిలుస్తుంది, ఈ వరసలో: ఇన్‌పుట్, మీ ప్రోగ్రామ్ ఇచ్చిన అవుట్‌పుట్, శాంపిల్ ఆన్సర్. చెకర్ 0తో ఎగ్జిట్ అయితే ఏసీ, వేరే ఏదైనా డబ్ల్యుఏ. టెస్ట్‌లిబ్ అనే సీ++ లైబ్రరీతో రాసే చెకర్లదీ ఇదే వరస, అలవాటున్నవాళ్లకి నేరుగా పనికొస్తుంది.

ఉదాహరణకి "1 నుంచి ఎన్ వరకు అంకెల్ని పక్కపక్కన వచ్చేవాటి తేడా 1 కాకుండా అమర్చండి, కుదరకపోతే -1" అనుకోండి. చెకర్ చూడాల్సినవి: మీది -1 అయితే శాంపిల్ కూడా -1 కావాలి, మీది -1 కాకపోతే శాంపిల్ -1 కాకూడదు, సార్ట్ చేస్తే 1 నుంచి ఎన్ రావాలి, పక్కపక్క తేడాలు 1 కాకూడదు. పైథాన్‌లో పది లైన్లు. చాలామంది మొదటి షరతు రాయడం మర్చిపోతారు, అప్పుడు కరెక్ట్‌గా -1 ఇచ్చినా చెకర్ డబ్ల్యుఏ అంటుంది.

యస్, నో ఉన్నవాటిలో కోడ్‌ఫోర్సెస్ చాలావరకు పెద్దా చిన్నా అక్షరాల తేడా చూడదు, ఓజే చూస్తుంది. దానికి చెకర్ రాయకండి, శాంపిల్‌లో ఎలా ఉంటే అలా ప్రింట్ చేయండి చాలు.

సెగ్‌ఫాల్ట్_సుబ్బు
లోకల్‌లో ఏసీ, సైట్‌లో డబ్ల్యుఏ. లోకల్‌లో సెగ్‌ఫాల్ట్ (మెమరీ తప్పుతో క్రాష్), సైట్‌లో ఏసీ. రెండు రకాలూ ఉన్నాయి, టూల్‌ని తిట్టే ముందు ఇవి చూడండి.

కోడ్‌ఫోర్సెస్ జడ్జ్ విండోస్. అక్కడ `లాంగ్` అంటే 32 బిట్లు, మన లినక్స్‌లో 64. `లాంగ్` అని రాస్తే ఓజేలో చక్కగా పాసై అక్కడ ఓవర్‌ఫ్లో అవుతుంది. ఎప్పుడూ `లాంగ్ లాంగ్`.

రికర్షన్: లినక్స్‌లో స్టాక్ మామూలుగా 8 ఎంబీ. ఆట్‌కోడర్‌లో మెమరీ 1024 ఎంబీ, స్టాక్‌కి విడిగా అంత చిన్న గీత లేదు. రెండు లక్షల నోడ్లు గొలుసులా ఉన్న చెట్టు మీద డీఎఫ్ఎస్ (లోతుకు వెళ్తూ నోడ్లన్నీ తిరిగే రికర్షన్) మన దగ్గర చచ్చిపోతుంది, అక్కడ నడుస్తుంది. `యూలిమిట్ -ఎస్ అన్‌లిమిటెడ్` (ఇది చిన్న ఎస్) అదే టెర్మినల్‌లో ముందు కొట్టండి.

ఎర్రర్ కంపైల్‌లో వచ్చినా పాత `ఏ.అవుట్` (ముందు కంపైల్ చేసిన ప్రోగ్రామ్) అక్కడే ఉంటుంది. ఓజే దాన్నే నడిపి "ఏసీ" అంటుంది, నువ్వు మార్చిన కోడ్ అసలు నడవనే లేదు. కంపైల్‌కీ టెస్ట్‌కీ మధ్య సెమికోలన్ కాదు, `&&` పెట్టు.

సెమికోలన్_సీత
నా పేరు మీద పడ్డారేంటి 😄

ఇంకోటి. ఒక ప్రాబ్లమ్‌కి ఒక ఫోల్డర్. అదే ఫోల్డర్‌లో రెండో ప్రాబ్లమ్ దింపితే "ఫైల్ ఆల్రెడీ ఎగ్జిస్ట్స్" అని ఆగిపోతుంది. ఆ మెసేజ్ చూడకుండా టెస్ట్ కొడితే పాత ప్రాబ్లమ్ శాంపిల్స్ మీద కొత్త కోడ్ నడుస్తుంది.

గట్టుమీద_కోడర్
ఏసీసీ (ఆట్‌కోడర్-సీఎల్ఐ) వాడి `ఏసీసీ న్యూ` కొట్టాను సీతగారూ, ఫోల్డర్లు అదే చేసింది. కానీ `ఓజే టీ` (ఓజే టెస్ట్‌కి పొట్టి రూపం) కొడితే టెస్ట్ కేసులే లేవంటోంది. ఫైళ్లు కళ్లముందే ఉన్నాయి.

టెర్మినల్_తాత
ఏసీసీ పెట్టే ఫోల్డర్ పేరు `టెస్ట్స్`. ఓజే వెతికేది `టెస్ట్`. ఒక్క ఎస్ తేడా. అప్పటికప్పుడైతే `ఓజే టీ -డీ టెస్ట్స్`. శాశ్వతంగా అయితే `ఏసీసీ కాన్ఫిగ్ డిఫాల్ట్-టెస్ట్-డిర్‌నేమ్-ఫార్మాట్ టెస్ట్`. అదే చేత్తో `డిఫాల్ట్-టాస్క్-చాయిస్`ని `ఆల్` చేయండి, లేకపోతే ప్రతి కాంటెస్ట్‌కీ ఏ ప్రాబ్లమ్స్ కావాలో టిక్ పెట్టమని అడుగుతూ ఉంటుంది. ఏబీసీ మన టైమ్‌లో సాయంత్రం 5:30కి మొదలు, 100 నిమిషాలు, తప్పు సబ్మిషన్‌కి 5 నిమిషాల పెనాల్టీ. ఆ మొదటి నిమిషంలో టిక్‌లు పెడుతూ కూర్చోవద్దు.

కాంటెస్ట్ నడుస్తుండగా డౌన్‌లోడ్‌కి 404 వస్తే కుకీ పోయిందనే అనుమానించండి, అడ్రస్ తప్పని కాదు.

నిశాచరి
జనరేట్ గురించి తాతగారు పైన ఒక్క మాట అని వదిలేశారు. నాకు శాంపిల్స్ అన్నీ ఏసీ, సబ్మిట్ చేస్తే 38 టెస్టుల్లో రెండు డబ్ల్యుఏ. కాంటెస్ట్ అయిపోయింది కాబట్టి అడగొచ్చు. వరసగా ఉన్న కొన్ని సంఖ్యల మొత్తం ఎంత ఎక్కువ రావచ్చు, కనీసం ఒక్కటైనా తీసుకోవాలి. కదానే అల్గారిథమే (ఒక్క చుట్టులో మొత్తం కూడుతూ పోయేది) రాశాను.

ఓ_ఎన్_స్క్వేర్
కోడ్ చూడకుండానే ఊహించగలను కానీ, చెప్తే నేర్చుకున్నట్టు కాదు. ఓజేతోనే పట్టుకోండి. మూడు ఫైళ్లు కావాలి.

ఒకటి, మీ కోడ్, `ఏ.అవుట్`.

రెండు, బ్రూట్ ఫోర్స్. ఎన్ స్క్వేర్‌లో, అన్ని మొదళ్లూ అన్ని చివరలూ తిరుగుతూ. తెలివి అస్సలు వాడకూడదు. ఇక్కడ కూడా చిట్కాలు వేస్తే అదే తప్పు రెండు చోట్లా దూరి ఇద్దరూ ఒకే తప్పు జవాబు చెప్తారు. `నైవ్` అని కంపైల్ చేసుకోండి.

మూడు, ఇన్‌పుట్ తయారుచేసే `జెన్.పీవై`. ఎన్ 1 నుంచి 5 లోపు, విలువలు -3 నుంచి 3 లోపు. చిన్నగా ఉంచడమే ఇందులో కీలకం. ఎన్ వెయ్యి పెడితే తప్పు దొరికినా ఎక్కడుందో చూడలేరు. విలువల పరిధి -10^9 నుంచి 10^9 పెడితే సమానమైన సంఖ్యలు, సున్నాలు, అన్నీ నెగెటివ్‌లు లాంటి మూలలు దాదాపు తగలవు.

తర్వాత ఇది కొట్టండి (`జీ/ఐ` అంటే జనరేట్-ఇన్‌పుట్):

`ఓజే జీ/ఐ --హ్యాక్-యాక్చువల్ ./ఏ.అవుట్ --హ్యాక్-ఎక్స్‌పెక్టెడ్ ./నైవ్ 'పైథాన్3 జెన్.పీవై'`

రెండింటికీ తేడా వచ్చే ఇన్‌పుట్ దొరికేదాకా తిరుగుతుంది, దొరికాక దాన్ని టెస్ట్ ఫోల్డర్‌లోనే సేవ్ చేసి ఆగుతుంది. సరిచేశాక మామూలు `ఓజే టీ` కొడితే శాంపిల్స్‌తో పాటు అది కూడా నడుస్తుంది. నెమ్మదిగా ఉంటే `-జే 4`.

నిశాచరి
దొరికింది. కమాండ్ కొట్టి ఊపిరి తీసుకునేలోపే. ఇన్‌పుట్ ఇది:

1
-2

బ్రూట్ -2 అంటోంది, నాది 0. బెస్ట్‌ని సున్నాతో మొదలుపెట్టాను.

ఓ_ఎన్_స్క్వేర్
అదే. మొదటి ఎలిమెంట్‌తో మొదలుపెట్టండి.

జనరేటర్ సీ++లో రాసేవాళ్లకి: సీడ్‌గా (రాండమ్ సంఖ్యలు మొదలయ్యే విలువ) `టైమ్(0)` ఇవ్వకండి. అది సెకన్లలో కదులుతుంది, ఒక్క సెకనులో వంద సార్లు పిలిస్తే వందసార్లూ అదే ఇన్‌పుట్. `స్టెడీ_క్లాక్` నుంచి నానోసెకన్లు తీసుకోండి. పైథాన్ రాండమ్‌కి ఈ బాధ లేదు, ప్రతి రన్‌కీ ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి కొత్త సీడ్ తెచ్చుకుంటుంది.

టీఎల్ఈ (టైమ్ లిమిట్ దాటడం) వెతకడానికి ఇంకో జనరేటర్ వేరుగా. అక్కడ ఎన్ రెండు లక్షలు, పూర్తి పరిమితి. రాండమ్ ఒక్కటే చాలదు. అన్నీ సమానం, ఎక్కుతూ, దిగుతూ, చెట్టయితే గొలుసు, నక్షత్రం. `ఓజే జీ/ఐ 'పైథాన్3 పెద్ద.పీవై' 5` అంటే ఐదు ఇన్‌పుట్లు చేస్తుంది. వీటికి ఆన్సర్ ఫైల్ లేదు కాబట్టి `ఓజే టీ --టీఎల్ఈ 2` కొడితే పోల్చడానికి ఏమీ ఉండదు, టైమ్ చూసుకోవడానికే. బ్రూట్‌తో `ఓజే జీ/ఓ -సీ ./నైవ్` కొట్టి ఆన్సర్లు తయారుచేయాలని చూడకండి, ఎన్ స్క్వేర్ మీద రెండు లక్షలంటే వేల కోట్లలో ఆపరేషన్లు.

సెగ్‌ఫాల్ట్_సుబ్బు
టైమ్ చూసేటప్పుడు శానిటైజర్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తప్పులు పట్టే కంపైలర్ ఆప్షన్) తీసేయండి. నా దగ్గర రెండు బైనరీలుంటాయి. తప్పులు పట్టడానికి: `-జీ -ఎఫ్‌శానిటైజ్=అడ్రస్,అన్‌డిఫైన్డ్ -డీ_జీఎల్ఐబీసీఎక్స్ఎక్స్_డీబగ్`. టైమ్‌కి: ఒట్టి `-ఓ2`. మొదటిది ఎంత నెమ్మదంటే దాని మీద టీఎల్ఈ వచ్చిందని అల్గారిథమ్ మార్చుకుంటే వెర్రిపని. కానీ హద్దు దాటిన ఇండెక్స్‌ని లైన్ నంబర్‌తో సహా చూపిస్తుంది.

మాక్ వాళ్లకి మెమరీ కొలవలేకపోతున్నా అని వార్నింగ్ వస్తుంది. ఓజే వాడేది గ్నూ టైమ్, మాక్‌లో వచ్చేది వేరే టైమ్. బ్రూ నుంచి గ్నూ-టైమ్ పెట్టి `--గ్నూ-టైమ్ జీటైమ్` ఇవ్వండి. అక్కర్లేకపోతే వదిలేయండి, టెస్టులు మామూలుగానే నడుస్తాయి.

గట్టుమీద_కోడర్
చాలా పనికొచ్చింది. టెస్టులు మాత్రం కొంచెం మెల్లగా ఉన్నాయి, హలో వరల్డ్ కంపైల్ కూడా సాగుతోంది. ఫోల్డర్ డెస్క్‌టాప్ మీద ఉంది.

టెర్మినల్_తాత
డెస్క్‌టాప్ అంటే `/ఎమ్ఎన్‌టీ/సీ` కింద అన్నమాట. డబ్ల్యుఎస్ఎల్2లో అటు వెళ్లే ప్రతి ఫైలూ విండోస్ గోడ దాటి వెళ్లి రావాలి. ఫోల్డర్‌ని లినక్స్ హోమ్‌లోకి మార్చండి. విండోస్ నుంచి చూడాలంటే ఆ ఫోల్డర్‌లో ఉండి `ఎక్స్‌ప్లోరర్.ఈఎక్స్ఈ .` కొడితే తెరుచుకుంటుంది.

నిశాచరి
ఆఖరి ప్రశ్న. ఇంటరాక్టివ్ ప్రాబ్లమ్‌కి (జడ్జ్‌ని ప్రశ్నలు అడుగుతూ సాగేది) `ఓజే టీ` కొడితే అలా ఆగిపోయి ఉంటోంది. కంట్రోల్ సీ కొట్టాల్సి వస్తోంది.

ఓ_ఎన్_స్క్వేర్
`టీ` కాదు, `టీ/ఆర్`. ఇలా: `ఓజే టీ/ఆర్ -సీ ./ఏ.అవుట్ 'పైథాన్3 జడ్జ్.పీవై'`. జడ్జ్ మీరే రాయాలి. నంబర్ కనుక్కునే ప్రాబ్లమ్ అయితే ఒక నంబర్ మనసులో పెట్టుకుని, ప్రశ్న చదివి, జవాబు ప్రింట్ చేసి, ప్రశ్నల పరిమితి దాటితే 1తో, గెలిస్తే 0తో ఎగ్జిట్.

అప్పటికీ ఆగిపోతే ఎవరో ఒకరు ఫ్లష్ చేయట్లేదు, అంటే ప్రింట్ చేసింది వెంటనే బయటికి తోయట్లేదు. మీ సీ++లో కొత్త లైన్ క్యారెక్టర్ బదులు `ఎండ్ఎల్`, జడ్జ్‌లో `ప్రింట్`కి `ఫ్లష్=ట్రూ`. జడ్జ్ వైపు మర్చిపోవడమే ఎక్కువ. మీ కోడ్ అంతా కరెక్ట్‌గా ఉండి రెండూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ కూర్చుంటాయి.

నిశాచరి
జడ్జ్ వైపే. నడిచింది.